సైరస్ మట్టి శాసనంలో లేని మాటలు

ఇరాన్‌లో చాలామంది సైరస్ దినంగా తలచుకునే అక్టోబరు 29 దగ్గర పడితే చాలు, ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. క్రీ.పూ. 539లో నేటి ఇరాక్‌లోని బాబిలోన్‌ను గెలిచిన పారసీక చక్రవర్తి సైరస్ ప్రపంచంలోనే మొదటి మానవ హక్కుల పత్రం రాయించాడట. బానిసత్వాన్ని రద్దు చేశాడట, అందరికీ మతస్వేచ్ఛ ప్రకటించాడట, ఆ పత్రంలోనే బాబిలోన్ చెరలో ఉన్న యూదుల విడుదల కూడా ఉందట, రక్తం చిందకుండానే గెలిచాడట, ఐక్యరాజ్యసమితి దాన్ని గుర్తించిందట. పక్కనే శాసనం ఫొటో ఉంటుంది. ఫొటో నిజమే. కింద రాసిన మాటల్లో చాలా భాగం మాత్రం ఆ మట్టి మీద లేదు. సైరస్ మీద గౌరవం ఉన్నవాణ్ణి కాబట్టే ఈ కల్తీ నన్ను బాధిస్తుంది.

అసలు వస్తువు జానెడు పొడవున్న కాల్చిన మట్టి దిమ్మ. మద్దెలలా నడుమ ఉబ్బి ఉంటుంది. 1879లో హోర్ముజ్ద్ రస్సామ్ తవ్వకాల్లో బాబిలోన్ శిథిలాల మధ్య దొరికింది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మేకు గుర్తుల్లాంటి క్యూనిఫారం లిపిలో 45 పంక్తులు. భాష పారసీకం కాదు, బాబిలోన్ వాళ్ల అక్కాడియన్.

బానిసత్వం రద్దు అన్న మాటకు ఆధారంగా చూపేది 25వ పంక్తి ప్రాంతం. అక్కడ ఉన్నది ఇంతే: పాత రాజు నబోనిడస్ బాబిలోన్ ప్రజల మెడ మీద దేవుళ్లు విధించని కాడి మోపాడు, నేను వాళ్ల అలసట తీర్చి ఆ బరువు దించాను. ఒక నగర ప్రజలకు వెట్టి తగ్గించానని కొత్త రాజు చెప్పుకోవడం వేరు, బానిసలను విడుదల చేయడం వేరు. బాబిలోన్‌లోని ఎగీబీ వర్తక కుటుంబం దాచుకున్న మట్టి పలకలు చూస్తే, సైరస్ పాలనలోనూ ఆయన కొడుకు పాలనలోనూ బానిసల క్రయవిక్రయాలు మామూలుగానే సాగాయి.

మతస్వేచ్ఛ విషయం ఇంకాస్త ఓపికగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ కొంత నిజం ఉంది. నబోనిడస్ బాబిలోన్‌కు తరలించిన దేవతా విగ్రహాలను సైరస్ వాటి గుళ్లకు తిరిగి పంపించాడు. అది మంచి పనే. కానీ ఆ దేవుళ్లందరూ రోజూ బాబిలోన్ దేవుళ్లయిన మార్దుక్ ఎదుట, నబూ ఎదుట తన దీర్ఘాయుష్షు కోసం విన్నవించాలని కూడా అదే శాసనంలో కోరాడు. ఎవరు ఏ దేవుణ్ణి కొలవాలో వాళ్ల ఇష్టం అన్న వాక్యం ఎక్కడా లేదు. పైగా తనను ఎంచుకొని చేయి పట్టి నడిపించింది బాబిలోన్ దేవుడు మార్దుకేనని అందులో గొప్పగా రాయించాడు. మరో చోట పూజలో నైవేద్యం పెంచిన లెక్క ఉంది: పాతవాటికి అదనంగా రెండు బాతులు, పది పావురాలు. హక్కుల పత్రంలో ఈ లెక్కకు పనేముంది? గుడిని, నగరపు గోడను బాగుచేసిన రాజు రాయించుకునే శాసనంలోనైతే ఇది చక్కగా ఇముడుతుంది.

ఇక యూదులు. శాసనంలో వాళ్ల పేరు లేదు, జెరూసలేం పేరూ లేదు. అందులోని ఊళ్లు అషూర్, సూసా, ఎష్నున్నా, దేర్ వంటివి; అన్నీ మెసొపొటేమియా, దాని తూర్పు దిక్కువి. యూదులు తిరిగి వెళ్లిన కథ బైబిల్‌లోని ఎజ్రా గ్రంథంలో ఉంది. సైరస్ విధానం రెండుచోట్లా ఒకటే కావచ్చు, కానీ ఒక గ్రంథంలోని మాటను తెచ్చి మరో శాసనానికి అంటించకూడదు.

రక్తం చిందలేదన్న మాట బాబిలోన్ నగరం వరకు సరే. అయితే అంతకు కొద్ది రోజుల ముందు టైగ్రిస్ ఒడ్డున ఓపిస్ దగ్గర యుద్ధం, కొల్లగొట్టడం, నరమేధం జరిగాయని నబోనిడస్ పాలన గురించిన వృత్తాంత పలక చెబుతోంది.

ఐక్యరాజ్యసమితి గుర్తింపు సంగతి తేలిక. 1971లో ఇరాన్ షా 2500 ఏళ్ల రాచరికం పేరుతో భారీ ఉత్సవాలు జరిపించి, వాటి చిహ్నంలో ఈ శాసనాన్ని పెట్టించాడు. ఆయన కవల సోదరి అష్రఫ్ పహ్లవీ దాని నకలును ఐక్యరాజ్యసమితికి బహూకరించింది. బహుమతి పుచ్చుకోవడం వేరు, అందులోని చరిత్రను ధ్రువీకరించడం వేరు. హక్కు అంటే రాజు కాదన్నా మనిషికి మిగిలేది. ఈ శాసనంలో ఉన్నదంతా రాజు దయ.

ఆ సందేశం పంపేవాళ్లు శాసనం చివరి పంక్తులు ఒక్కసారి చదవాలి. గోడ బాగుచేయిస్తుండగా తనకు ముందు పాలించిన అషూర్బనిపాల్ రాయించిన శాసనం కనిపించిందని సైరస్ చెబుతాడు. ఆయన వంద ఏళ్ల కిందటి అస్సీరియా రాజు, పరాయివాడు. అయినా ఆ పేరును చెరిపేయకుండా తన శాసనంలో చేర్చుకున్నాడు.