ఓటీపీ చెప్పకపోయినా డబ్బు పోతుంది

‘ఫోను తెరమీద మోసం: ఆరు జాగ్రత్తలు’ అనే సందేశం ఈ వారంలో నాకు 9 సార్లు వచ్చింది. వీధి గ్రూపులో వచ్చింది, పదో తరగతి మిత్రులు పంపారు, నిన్న ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన నాకే చదివి వినిపించారు. తిరుపతిలో లీలామహల్ దగ్గర 15 ఏళ్లుగా సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ అందులోని ఒక్క వాక్యం ఒక కుటుంబానికి చేసిన చేటు కళ్లారా చూశాక ఊరుకోలేకపోతున్నాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. రాత్రిపూట ఫోను ఆపేస్తే వైరస్ చచ్చిపోతుందట. చావదు, పొద్దున ఫోనుతోపాటే లేస్తుంది. కంప్యూటర్‌లో తెర మసకబారి అనుమతి అడిగితే అది వైరసేనట, వెంటనే ప్లగ్గు పీకేయాలట. ఇది పూర్తిగా తలకిందులు మాట. వేరే ప్రోగ్రాములేవీ వేలు పెట్టలేని ప్రత్యేకమైన తెర మీద ఆ ప్రశ్న అడగడానికే విండోస్ అలా మసకబారుస్తుంది. విస్టా అనే పాత విండోస్ కాలం నుంచీ ఉన్న రక్షణ అది. మనం ఏ ప్రోగ్రామూ తెరవకుండానే ఆ ప్రశ్న వస్తే ‘కాదు’ అంటే సరిపోతుంది.

ఇక అసలు సంగతి, ఫోను తెర మీద అనుమతి అడుగుతూ లేచే పెట్టె. ‘పెట్టె మీద గూగుల్ గుర్తు ఉండి, తెలుగు తప్పుల్లేకుండా ఉంటే అది నిజమైనదే’ అంటుంది సందేశం. గుర్తును కాపీ చేయడానికి ఎంతసేపు పడుతుంది? అక్షరదోషాలతో దొంగను పట్టే రోజులు పోయాయి. అంతకన్నా ముఖ్యం, మనం చూసేది ఒకటి, నొక్కేది మరొకటి కావచ్చు. ‘ఇతర యాప్‌లపై కనిపించడం’ అనే అనుమతి ఒకటుంది. అది చేతికొస్తే దొంగ యాప్ అసలు తెర మీద తన బొమ్మ పరుస్తుంది. పైన ‘అప్‌డేట్’ అని కనిపిస్తుంది, సరిగ్గా దాని కింద ‘అనుమతించు’ ఉంటుంది. 2017లో జార్జియా టెక్, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇలాంటి దాడిని 20 మందిపై పరీక్షిస్తే ఒక్కరూ పసిగట్టలేదు. చదువుకున్నవాళ్లు జాగ్రత్తగా చూస్తే పట్టేయగలరని ఇంకా ఎలా రాస్తున్నారు? చూడాల్సింది పెట్టె అందం కాదు. నేను ఏదైనా చేయబోతే ఇది వచ్చిందా, దానంతట అదే వచ్చిందా అన్నది చూడాలి.

‘అనుమానమొస్తే రద్దు నొక్కండి’ అన్న సలహా కూడా అంతే. ఆ ‘రద్దు’ గీసింది కూడా దొంగే అయితే? పెట్టెలో ఏదీ ముట్టుకోకుండా హోమ్‌కు వెళ్లిపోండి.

మూడో సూత్రం దగ్గర నాకు కోపం ఆగదు. ‘మీరు నోటితో ఓటీపీ చెప్పనంతవరకు మీ డబ్బు ఎవరూ తీయలేరు.’

బైరాగిపట్టెడ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది, రిటైరైన టీచరు. ఫోను కౌంటర్ మీద పెట్టి, “నేనెవరికీ చెప్పలేదు నాయనా, మా వాడు నమ్మడం లేదు” అంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే వాట్సాప్‌లో ‘దర్శనం టికెట్ వివరాలు’ అని ఒక ఏపీకే ఫైలు, అంటే యాప్‌ను నేరుగా ఫోనులో వేసే ఫైలు, వచ్చిందట. తెరిచింది. మెసేజీలు చదివే అనుమతి అడిగింది, తర్వాత యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంది, చేసింది. చూపులేనివారికి తెర మీది అక్షరాలు చదివిపెట్టడానికి, చేతులు ఆడనివారి బదులు నొక్కిపెట్టడానికి పుట్టిన సదుపాయమది. దొంగ యాప్ చేతిలో పడితే తెర అంతా అదే చదువుతుంది, తనకు కావలసిన అనుమతులు తానే నొక్కుకుంటుంది.

ఆమె ఇన్‌బాక్స్ చూశాను. అర్ధరాత్రి 2:10కి బ్యాంకు పంపిన ఓటీపీలు రెండు ఉన్నాయి. రెండింటిలోనూ ‘ఎవరికీ చెప్పవద్దు’ అనే ఉంది. ఆ సమయానికి ఫోను దిండు కింద ఉంది, ఆమె నిద్రలో ఉంది. సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో ఒకచోట పేరు లేదు, గుర్తు లేదు, ఖాళీ. తీసేద్దామని నొక్కితే సెట్టింగ్స్ దానంతట అదే మూసుకుపోయింది. మూడుసార్లు అలాగే జరిగింది. చివరికి మనం వేసుకున్న యాప్‌లేవీ నడవని సేఫ్ మోడ్‌లోకి వెళ్లి పీకేయాల్సి వచ్చింది.

ఆమె నోరు తెరవలేదు. అయినా ఇంట్లో రెండు రోజులు ‘ఎవరికి చెప్పావు?’ అన్న ప్రశ్నే నడిచింది, ఈ సందేశం చేతిలో పట్టుకుని. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాల్సిన రెండు రోజులవి. డబ్బు దొంగల ఖాతాలు దాటిపోకముందే ఆపించడానికే ఆ నంబరు. ఫిర్యాదు అందాక జరిగే నష్టం బ్యాంకే భరించాలని 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా ఆదేశించింది. అంటే ప్రతి గంటా విలువైనదే. ఆ గంటలన్నీ ఒక ముసలమ్మను దోషిగా నిలబెట్టడానికి ఖర్చయ్యాయి. ఈ వాక్యం పంపేవారు డబ్బు పోగొట్టుకున్న మనిషి మీద నేరం మోపుతున్నారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. ‘మరీ పాత ఫోను వాడకండి’ అన్న ఆరో సూత్రం చూసి, కొత్తవి అమ్ముకునేవాళ్ల మాట అనుకున్నాను. పాతవాటిని బతికించడం నా వృత్తి. కానీ ఆ మాట నిజం. పైన పరిచిన తెర గుండా వేలి స్పర్శ కింది యాప్‌కు చేరకుండా 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 అడ్డుకుంటుంది. బయటి నుంచి తెచ్చిన ఏపీకేలకు యాక్సెసిబిలిటీ అంత తేలిగ్గా దక్కకుండా మరుసటి ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 13 ఆపుతుంది. పెద్దమ్మ ఫోనులో ఉన్నది 9.

పింఛను డబ్బుతో కొత్తది కొనమని ఆమెతో అనలేకపోయాను. సెట్టింగ్స్‌లో ‘తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం’ తెరిచి చూపించాను. వాట్సాప్ ఎదురుగా బటన్ వెలిగి ఉంది. దాన్ని ఆమె చేతనే ఆపించాను, క్రోమ్‌కూ ఆపించాను. అర నిమిషం పట్టింది. ఆరు సూత్రాల్లో ఆ అర నిమిషం పని ఎక్కడా లేదు.