స్క్రూడ్రైవర్ నా చేతిలో ఉంటే మీకేంటి?

పిల్లల్ని చూసుకుంటూ ఇంటిపట్టున ఉండేవాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఏదైనా విప్పుతుంటే చాలు, చూసినవాళ్ల నోట రెండే మాటలు. "ఖాళీగా ఉన్నావుగా, ఏదో ఒకటి చేస్తుంటావు" అనేది ఒకటి. "ఎవరినైనా పిలిస్తే వచ్చి చేసిపోతారుగా, నీకెందుకీ తిప్పలు" అనేది ఇంకోటి. రెండూ నాకు గుచ్చుకుంటాయి.

ముందు ఆ "ఖాళీ" సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో 64 దేశాల లెక్కలు తీసి ఓ నివేదిక ఇచ్చింది. పిల్లల్నీ పెద్దవాళ్లనీ చూసుకోవడం, వంట, ఇంటిపని, వీటన్నిటికీ కలిపి పైసా జీతం లేకుండా రోజుకు 1,640 కోట్ల గంటలు పనిచేస్తున్నారట. అందులో 76.2 శాతం ఆడవాళ్లు చేసేదే. ఇంత పని చేసేవాళ్లని పట్టుకుని ఖాళీ అనడానికి మనసెలా ఒప్పుతుంది?

నాకు అంతకన్నా బాధ కలిగించేది రెండో మాట. ఎందుకో చెప్తాను. ఇంటిపనికి ఓ గుణం ఉంది, అది నిలవదు. తోమిన గిన్నె పూట తిరక్కుండానే మళ్లీ సింకులో ఉంటుంది. సర్దిన బొమ్మలు మనం అటు తిరిగేలోపు నేలమీదికొస్తాయి. పొద్దుట్నుంచి నడుం వాల్చకుండా చేసినా, చీకటిపడేసరికి చేసిన ఆనవాలు మిగలదు. పిల్లల పెంపకమా, అది ఫలించిందో లేదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి రోజుల మధ్య నేను కారుతున్న కుళాయి ఒకటి బాగుచేశాననుకోండి, అది రేపు కూడా కారదు. వచ్చే నెలా కారదు. నా చేతి పని అలా కళ్లెదుట నిలబడే ఉంటుంది. ఆ తృప్తి కోసమే నేను విప్పేదీ బిగించేదీ. మనిషిని పిలిపించి చేయిస్తే కుళాయి బాగవుతుంది, నిజమే. నా తృప్తి మాటేమిటి?

పైగా అది చిన్న పని కూడా కాదు. సెకనుకో చుక్క చొప్పున కారే కుళాయి ఏడాదికి దాదాపు 11 వేల లీటర్ల నీళ్లు వృథా చేస్తుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. మామూలు తిప్పుడు కుళాయిల్లో దీనికి కారణం చాలావరకు లోపల అరిగిపోయిన ఓ రబ్బరు వాషరు. నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, పైభాగం విప్పి, ఆ వాషరు మార్చి బిగించడమే. బిగించాక తిప్పి చూసి, కట్టేసి, చుక్క పడుతుందేమోనని చెవి ఒగ్గి వింటానే, ఆ క్షణం నాకెంతో ఇష్టం.

మా పాప టార్చిలైటు కథ అయితే ఇంకా ఇష్టం. వెలగడం లేదని మూలన పడేశాం. అడుగున మూత తీస్తే స్ప్రింగు చుట్టూ తెల్లగా పొరకట్టి ఉంది. ఆల్కలైన్ బ్యాటరీ కారితే బయటికొచ్చేది క్షారం, గాలి తగిలి అలా గట్టిపడుతుంది. దానికి విరుగుడు పులుపే. చేతులకి గ్లవుజులు వేసుకుని, పాపని కాస్త దూరంగా కూర్చోబెట్టి, ఇయర్‌బడ్ కొసన నిమ్మరసం అద్ది రుద్దాను. సన్నగా నురగలు పొంగాయి. "అమ్మా, అది ఉడుకుతోందా?" అంది. రుద్దేకొద్దీ తెలుపు వదిలి, లోపలి లోహం మెరుపు తేలింది. తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, కొత్త బ్యాటరీలు వేశాం. స్విచ్చి తనచేతే వేయించాను. వెలుగు గోడమీద పడగానే దాని మొహం చూడాలి! ఆ పూట ఇంట్లో ఒక్క మంచం కిందా చీకటి మిగల్లేదు. పాడైన వస్తువు పారేసేదే కాదని, విప్పి చూడొచ్చని దానికి ఇంతకన్నా బాగా ఎలా చెప్పగలను?

ఇంట్లో పిల్లలుంటే మరమ్మతులకి కొన్ని హద్దులుండాలి, వాటి విషయంలో నేను చాలా కచ్చితం. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీలు, పాతవైనా సరే, క్షణం కూడా బయట పెట్టను. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. పిల్ల మింగిందన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. కరెంటు పని కూడా అంతే. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందంటే చాలాసార్లు కండెన్సరు బలహీనపడి ఉంటుందని తెలుసు, అయినా ముట్టుకోను. స్విచ్చి ఆపాక కూడా అందులో కరెంటు మిగిలి ఉండొచ్చు. దానికి ఎలక్ట్రీషియన్‌నే పిలుస్తాను.

ఈమధ్య మూడో మాట కూడా మొదలైంది. "ఇంత బాగా చేస్తున్నావు, వీడియోలు తీసి పెట్టు, డబ్బులొస్తాయి" అని. ప్రేమతోనే అంటారు. కానీ నా రోజులో ఎవరి కోసమో కాకుండా నాకోసం మిగిలింది ఈ కాస్త సమయం. పాప పడుకున్నాక స్క్రూలు, నట్లు సైజులవారీగా డబ్బాల్లో వేసుకోవడం, కిర్రుమనే తలుపు బందుకి రెండు చుక్కల మిషన్ ఆయిల్ వేసి ముందుకీ వెనక్కీ ఊపి చూసుకోవడం. దీన్ని కూడా సంపాదనకి కట్టేస్తే నాకు మిగిలేదేంటి?

మీ ఇంట్లోనూ నాలాంటివాళ్లుంటే సలహాలు పక్కనపెట్టి, పట్టు జారని మంచి స్క్రూడ్రైవర్ సెట్టు ఒకటి కొనివ్వండి. సెలవురోజు ఓ గంట పిల్లల్ని మీరే బయటికి తీసుకెళ్లండి. తిరిగొచ్చేసరికి నేలమీద అన్నీ విప్పేసి ఉంటే "ఇంకా అవ్వలేదా" అనకండి. ఇంకో గంట తిప్పుకురండి.