మహారాజశ్రీ ఆర్డర్ ఫారం గారికి బహిరంగ లేఖ

కస్టమ్ క్యూ ఆర్డర్ ఫారం గారికి,

ఉభయకుశలోపరి. స్నూకర్, పూల్ ఆటల్లో బంతిని కొట్టే కర్రని, అదే క్యూని, నా కొలతలకి చేయించుకుందామని మిమ్మల్ని తెప్పించుకున్నాను. మీరు అడిగిన ప్రశ్నలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. పొడవెంత, బరువెంత, కొసన ఉండే తోలు టిప్ ఎన్ని మిల్లీమీటర్లు, బ్యాలెన్స్ ఎక్కడ ఉండాలి, వెనక లావుపాటి భాగమైన బట్‌కి ఏ చెక్క వాడాలి, ముక్కలు కలిసే జాయింట్ ఎక్కడ పెట్టాలి, పేరు ఏ అక్షరాల్లో చెక్కాలి. పాస్‌పోర్టు వాళ్లు కూడా నన్ను ఇంత లోతుగా విచారించలేదు. ఇన్ని గడుల్లో ఎక్కడా "అసలు నువ్వెలా ఆడతావు?" అన్న ప్రశ్న మాత్రం లేదు. అది మీ మర్యాద అనుకుంటాను. నా పరువు కాపాడినందుకు కృతజ్ఞతలు.

ఆడలేక మద్దెల ఓడు అని మనవాళ్లు ఎప్పుడో అనేశారు. నోటిమాటగా ఉన్నంతకాలం అది దెప్పిపొడుపు. మీరు దానికి గడులు గీసి, అడ్వాన్సుకో గీత గీసి, కింద సంతకానికి చోటిచ్చి గౌరవం తెచ్చిపెట్టారు. ఇప్పుడు పాకెట్ అంచునున్న బంతిని లోపల వేయలేకపోయినవాడు కూడా తల దించుకోనక్కర్లేదు. "నా క్యూ ఆర్డర్‌లో ఉంది" అంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు సానుభూతితో తలూపుతారు. ఆ క్యూ వచ్చేదాకా వాడి మిస్‌లేవీ వాడి ఖాతాలో పడవు. వెయిటింగ్ లిస్ట్ ఎంత పొడవుంటే అంతకాలం ముందస్తు బెయిలు. కొందరు క్యూమేకర్ల దగ్గర ఈ బెయిలు ఏళ్ల తరబడి దొరుకుతుంది. వాళ్లకి అంత గిరాకీ ఎందుకో నాకిప్పుడు అర్థమైంది.

మీ బరువు గడి దగ్గర కాసేపు ఆగుతాను. పావు ఔన్సు చొప్పున వరసగా అంకెలిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. ఔన్సంటే 28 గ్రాములు, అందులో పావంటే 7. దాన్ని నా మణికట్టు పసిగడుతుందని మీరు నమ్మారు, నేనూ నమ్మాను, 18¼ అని రాశాను. చెయ్యి వణకలేదు. చెక్క మాత్రం ఈ ఒప్పందంలో సంతకం పెట్టలేదు. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని బరువెక్కుతుంది, ఎండగాలికి ఆరి తేలికవుతుంది. మనం రాసిన పావు ఔన్సుని అది ఏడాది పొడుగునా అటూ ఇటూ మోస్తూనే ఉంటుంది.

ఆట నియమాలు రాసినవాళ్లకి మాత్రం ఇంత పట్టింపు లేదు. స్నూకర్‌లో క్యూ 3 అడుగులకి, అంటే 914 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, అలవాటైన ఆకారం దాటి పోకూడదు అన్నారు, అంతే. బరువు ఊసే లేదు. పూల్‌లో అంతర్జాతీయ నియమాలు కనీసం 40 అంగుళాల పొడవు, గరిష్ఠంగా 25 ఔన్సుల బరువు, 14 మిల్లీమీటర్లు మించని టిప్ ఉంటే చాలన్నాయి. వాళ్లు వదిలేసిన మైదానాన్ని మీరు ప్లాట్లు చేసి అమ్ముతున్నారు.

నిజానికి ఎంత బరువన్నదానికంటే ఆ బరువు ఎక్కడ కూర్చుందన్నది ముఖ్యం. ఒకే బరువున్న రెండు క్యూలు తీసుకోండి. బరువు ముందుకు జరిగినది ముక్కు దించుకుని నడుస్తుంది, వెనక్కి జరిగినది చేతిలోంచి పైకి లేస్తున్నట్టుంటుంది. అందుకు మీరు బ్యాలెన్స్ పాయింట్ అని ఒక గడి పెట్టారు, సంతోషం. బట్ చివరి నుంచి 16 అంగుళాలా, 17, 18 అంగుళాలా అని అడిగారు. ఇన్నాళ్లూ ఆడుతున్న క్యూని వేలిమీద అడ్డంగా నిలబెట్టి, అది నిలిచిన చోట పెన్సిల్ గీత పెట్టి, టేపుతో కొలిచినవాడు ఎవడండీ మనలో? బరువు వంటింటి కాటామీద చూసుకోవచ్చు, టిప్ కింద ఉండే పట్టీ, అదే ఫెరూల్, దగ్గర మందం వెర్నియర్ కాలిపర్‌తో చూసుకోవచ్చు. పది నిమిషాల పని. అది చేయకుండా మీ గడుల్లో అంకెలు వేసేవాడు చెప్పులు కొనడానికి వెళ్లి కాళ్లు ఇంట్లో వదిలొచ్చినవాడితో సమానం. మంచి క్యూమేకర్ గుర్తు నాకు తెలిసి మొదటిది ఇదే. ఆయన మిమ్మల్ని పక్కకి నెట్టి, "ఇప్పుడు ఆడుతున్న క్యూ పట్టుకురండి, ఒక ఆట ఆడి చూపించండి" అంటాడు. ఆ మాట విని కొంతమంది కస్టమర్లు మాయమవుతారని విన్నాను. ఫారం నింపడం ఎవరికైనా వస్తుంది, ఒకరు చూస్తుండగా ఆడటం అందరివల్లా అయ్యే పని కాదు.

మీలో ఇంకో విచిత్రముంది. బట్ గురించి ఒక పేజీ: ఎబొనీయా, రోజ్‌వుడ్డా, మధ్యలో పల్చటి చెక్క వెనీర్లు ఏ రంగువి, ఎన్ని పొరలు, బ్యాడ్జీ గుండ్రంగానా కోలగానా. టిప్ గురించి ఒక గీత. బంతికి తగిలేది ఆ తోలు ముక్క ఒక్కటే, అదీ సెకనులో సుమారు వెయ్యో వంతు సేపు. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు కనుక టిప్ 9, 10 దగ్గర ఉంటుంది, పూల్ బంతి 57.15 కనుక 12, 13 దాకా పోతుంది. ఇక్కడిదాకా అర్థముంది. 9.4 కావాలా 9.5 కావాలా అని రాత్రంతా నిద్రపోకుండా ఆలోచించేవాడే, క్యూ వచ్చాక టిప్ అంచులు పుట్టగొడుగులా విచ్చుకున్నా పట్టించుకోడు.

బంతిని నడిమధ్యన కాకుండా పక్కగా, అంటే సైడ్ పెట్టి కొడితే తెల్లబంతి గురిపెట్టిన గీత మీద పోకుండా కాస్త పక్కకి తప్పుకుంటుందని ఆడేవాళ్లందరికీ తెలుసు. దానికి ప్రధాన కారణం క్యూ కొసన ఉన్న కొన్ని అంగుళాల బరువు. ఆ కొస తేలికయ్యేకొద్దీ బంతి తప్పుకోవడం తగ్గుతుంది. పూల్ క్యూల ముందు భాగాల్ని, అంటే షాఫ్టుల్ని, లోపల బోలుగా చేయడం, కార్బన్ ఫైబర్‌తో చేయడం ఇందుకే. ఫారం గారూ, ఆ కొస గురించి మీలో ఒక్క గడి చూపించండి. వెనక చివరన పూసే బంగారు రంగు గీత గురించి మాత్రం మూడు ప్రశ్నలున్నాయి.

అన్నట్టు "స్నూకర్ / పూల్ / రెండూ" అన్న గడి చూసి నవ్వాపుకోలేకపోయాను. రెండూనట! స్నూకర్ క్యూ కొస నుంచి బట్ దాకా సన్నగా మొదలై ఒకే తీరున లావెక్కుతుంది, ఎక్కువగా యాష్ చెక్క, ఇత్తడి ఫెరూల్. పూల్ క్యూ మేపుల్, ముందు ఒక అడుగు దాకా దాదాపు ఒకే మందం, ఆ తర్వాతే లావవడం మొదలు, నడుమ జాయింట్, పట్టుకునే చోట నార దారమో తోలో. రెండింట్లోనూ చేయి తిరిగినవాళ్లు లేరని కాదు, చాలా తక్కువ. మిగతావాళ్లు ఏదో ఒకటి బాగా చేస్తారు, రెండోది మీ గడి ఉంది కదా అని చేస్తారు.

ఇక స్ప్లైస్, అంటే బట్ దగ్గర రెండు చెక్కల్ని కలిపే అతుకు. దీని దగ్గర వెటకారం కాసేపు పక్కన పెడతాను, ఎందుకంటే ఇది చూడాల్సిన పని. చేత్తో చేసే స్నూకర్ బట్‌లో యాష్ కర్ర ముందు కొస నుంచి వెనక చివరి దాకా ఒకటే. వెనక భాగంలో దాన్ని నాలుగు వైపులా ఏటవాలుగా చిత్రిక పట్టి చదును చేస్తారు. ఎదురెదురు వైపుల రెండు ఎబొనీ పలకలు అతికించి, బంక ఆరాక మళ్లీ చదును చేసి, మిగతా రెండు వైపులా ఇంకో రెండు. అప్పుడది నల్లటి చదరపు దుంగ. అంచులు కొట్టుకుంటూ గుండ్రం చేస్తూపోతే నలుపులోంచి తెల్లచెక్క నాలుగు వంపులుగా బయటపడుతుంది. ఆ నాలుగు వంపులూ ఒకే ఎత్తుకి వచ్చాయా, దేనిదారిన అది పోయిందా అన్నదాంట్లో మనిషి చెయ్యి తెలుస్తుంది. మిషన్ స్ప్లైస్‌లో కొసలు సూదిగా ఉంటాయి, చేతిపనిలో గుండ్రంగా ఉంటాయి. మిషన్ స్ప్లైస్‌తోనూ బ్రహ్మాండంగా ఆడొచ్చు. చేతిపని అని డబ్బు తీసుకుని సూది కొసలు చేతికిస్తేనే గొడవ.

"అన్నీ ఆయనే స్వయంగా చేస్తారా?" అని మరీ పట్టుబట్టేవాళ్లకి ఒక సంగతి. పూల్ ప్రపంచంలో దేవుడిలా కొలిచే క్యూమేకర్ జార్జ్ బాలబుష్కా. 1912లో రష్యాలో పుట్టి, న్యూయార్క్‌లో స్థిరపడి, 1975లో పోయాడు. ఆయన క్యూలు ఇవాళ కలెక్టర్ల చేతుల్లో తప్ప కనబడవు. ఆయన చాలా క్యూలకి స్ప్లైస్ చేసిన బట్‌లు వేరేవాళ్ల దగ్గర కొన్నవే, బ్రన్స్‌విక్ కంపెనీ టైట్లిస్ట్ క్యూలతో సహా. ఏది తీసుకోవాలో, ఏది వద్దనాలో, దాన్ని ఎంతవరకు చెక్కాలో ఆయన చేతిలో ఉంది. మీలాంటి ఫారం ఆయనకి పంపితే ఏమనేవాడో నేను ఊహించి రాయను.

క్యూమేకర్‌ని ఎంచుకోవడం గురించి మీరెలాగూ చెప్పరు కనుక నేనే చెబుతాను. ఫొటోలు చూడకండి. ఫొటోలో ప్రతి క్యూ పెళ్లికొడుకే. ఆయన చేసిన వాటిల్లో అతి సాదాది, అదీ ఎవరో నాలుగైదేళ్లు ఆడి పాతబడింది చేతికి తీసుకోవాలి. స్ప్లైస్ గీత మీదుగా గోరుతో అడ్డంగా గీయాలి. చెక్క సరిగ్గా ఆరకముందే అతికించి ఉంటే, ఏళ్లు గడిచేసరికి రెండు చెక్కలూ వేరువేరుగా కుంచించుకుని అక్కడ గోటికి మెట్టు తగులుతుంది. తర్వాత జాయింట్ బిగించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోవాలి. సందులోంచి కాంతి కనబడితే ఇక మాట్లాడక్కర్లేదు. షాఫ్ట్‌ని ఎన్ని విడతల్లో చెక్కుతారని కూడా అడగాలి. మంచివాళ్లు కాస్త చెక్కి నెలల తరబడి పక్కన పెడతారు, వంగేదేదో అప్పుడే వంగిపోతుంది, వంగినదాన్ని పక్కన పారేస్తారు. ఆ ఆలస్యం పనిలో భాగం. "వచ్చే నెల" అని ప్రతి నెలా చెప్పడం వేరే జాతి ఆలస్యం.

క్యూని టేబుల్ మీద దొర్లించి నిపుణుడిలా కళ్లు చిట్లించే ఆచారం గురించి కూడా ఒక మాట. చాలా స్నూకర్ క్యూలకి బట్ చివర ఒకవైపు చదునుగా కోస్తారు, అది దొర్లితే టకటకమంటుంది. చేత్తో చిత్రిక పట్టిన షాఫ్ట్ మిషన్ గొట్టంలా అచ్చు గుండ్రంగా ఉండకపోవచ్చు. కాస్త ఊగుతూ దొర్లినది కూడా నిటారుగా ఉండొచ్చు. కంటికి ఆనించి కొసదాకా ఒక గీతలా చూడటమే పద్ధతి. దొర్లిస్తే మాత్రం చూసేవాళ్లకి బాగుంటుంది.

అన్నిటికీ మించి, ఆయన "వద్దు" అంటాడా లేదా చూడాలి. సన్నటి కొస, బరువైన బట్, వంగని షాఫ్ట్, మెత్తటి దెబ్బ, అన్నీ ఒకే కర్రలో కావాలంటే ముఖం మీదే కుదరదని చెప్పేవాడు క్యూమేకర్. అన్నిటికీ టిక్కు పెట్టించుకునేవాడు మీ అన్నదమ్ముడు. ఏనుగు దంతం ఫెరూల్ వేస్తానంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మేలు. ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లోనే నిషేధించారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ కూడా 1992 నుంచి అలా వ్యాపారం నిషేధించిన అంతర్జాతీయ జాబితాలోనే ఉంది. సరిహద్దు దాటే క్యూకి చెక్క పేరుతోపాటు కాగితాలూ కావాలి. ఆ గడీ మీలో లేదు.

ఒక చేదు విషయం మీకు చెప్పక తప్పదు. స్నూకర్ ఆటగాడు స్టీఫెన్ హెండ్రీ 1990 నుంచి 1999 మధ్య 7 ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. అన్నీ ఒకే క్యూతో, అదీ ఎవరైనా కొనుక్కోగల మామూలు కంపెనీ క్యూతో. 2003లో బ్యాంకాక్ నుంచి వస్తుంటే విమానం సామాన్లలో అది విరిగిపోయింది. అదే ఏడాది ఆయన బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు, వేరే క్యూతో. ఈ కథ విని కస్టమ్ క్యూ అనవసరం అనేవాళ్లున్నారు, మరీ అంత తొందరపడొద్దు. పదేళ్లకి పైగా ఒకే కర్రతో ఆడినవాడికి అది చేతికి అమరిపోయింది, కొలతలన్నీ ఆ కర్రే తేల్చింది. మిగతా మనకి ఆ కొలతలు చదవగల మనిషి కావాలి. మీరు కాదు.

అందుకే ఆ 18¼ కొట్టేసి, మిమ్మల్ని ఇలా నింపి పంపుతున్నాను. పొడవు, బరువు, బ్యాలెన్స్, టిప్: జతచేసిన పాత క్యూ చూసి మీరే రాసుకోండి. చెక్క: బాగా ఆరినది. బట్: చూసేవాళ్లు అడక్కుండా ఉండేంత సాదాగా. జాయింట్: నా కేస్ పొడవుకి సరిపోయేచోట. ప్రత్యేక సూచనలు: వద్దనాల్సినవి వద్దనండి.

ఇట్లు,
మీ వెయిటింగ్ లిస్టులో ఒకడు

తా.క.: పేరు చెక్కే గడి ఖాళీగా వదిలాను, మరిచిపోయి కాదు. పేరున్న క్యూని రేపు అమ్మాలంటే అదే పేరున్న ఇంకొకణ్ణి వెతుక్కోవాలి.