లాగే అంకె ఒక్కటే చూసి ట్రైలర్ కొనకండి

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు తన పికప్ ట్రక్కుకు పెద్ద ట్రావెల్ ట్రైలర్, అంటే వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కొనాలనుకుంటూ, అక్కడ అందరూ పంచుకుంటున్న ఒక మాట నాకు పంపాడు: "ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుందని కంపెనీయే రాసింది, ట్రైలర్ 8,000 పౌండ్లే, కళ్లు మూసుకుని కొనేయండి. బరువనిపిస్తే వెనక స్ప్రింగుల దగ్గర గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు) వేయించండి, సామాను వెనక్కి సర్దండి." నల్లగొండ పల్లెలో ఎడ్లబండ్లు, ట్రాక్టర్ ట్రాలీల మధ్య పెరిగినవాణ్ణి, దీనికి జవాబు చెప్పకుండా ఉండలేను.

లాగడం వేరు, మోయడం వేరు. బండి బరువంతా చక్రాలే మోయవు, కొంత నొగ మీదుగా కాడికి, కాడి నుంచి ఎద్దు మెడకు దిగుతుంది. ఇలాంటి ట్రైలర్ బరువులోనూ 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం, అంటే హిచ్ మీదే పడుతుంది, అది ట్రక్కు మోయాల్సిన పేలోడ్ కిందే లెక్క. డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే పసుపు స్టిక్కర్ మీద, మనుషులూ సామానూ కలిపి ఎంతకు మించకూడదో రాసి ఉంటుంది. 1,500 పౌండ్లనుకుందాం. 8,000లో 13 శాతం అంటే 1,040, హిచ్ సామగ్రి ఓ 100, మిగిలింది 360. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి 500 ఉన్నా అప్పుడే పరిమితి కన్నా 140 ఎక్కువైపోయింది, సైకిళ్లు ఇంకా ఎక్కించనే లేదు. లాగే అంకె ప్రకారం మాత్రం ఇంకా 3,000 పౌండ్ల వెసులుబాటు ఉన్నట్టే, ఎందుకంటే ఆ అంకె కట్టేటప్పుడు ట్రక్కులో 150 పౌండ్ల మనుషులు ఇద్దరే ఉన్నారని లెక్కేస్తారు.

పైగా ట్రైలర్ అమ్మేవాళ్లు ముందు చెప్పేది ఖాళీ బరువు. గ్యాలన్ నీళ్లే 8.3 పౌండ్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 దాటుతుంది. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ సాధారణంగా ట్రైలర్ ముందుండే నొగ మీదే ఉంటాయి. అందుకే నిండు లోడుతో అనుమతించిన గరిష్ఠ బరువుతోనే లెక్క కట్టాలి.

ఎయిర్ బ్యాగులు వేస్తే వెనక భాగం కుంగకుండా కనిపిస్తుంది, అంతే. ఇరుసు, టైర్లు, బ్రేకులు పాతవే, స్టిక్కర్ మీద అంకె మారదు.

అన్నింటికన్నా నాకు భయం వేసింది సామాను వెనక్కి సర్దమన్న సలహా చూసి. బండికి వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది, ఎద్దుల నడకకు కాబట్టి దిగి సర్దుకుంటాం. హైవే మీద గంటకు 60 మైళ్ల వేగంలో హిచ్ తేలికైతే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలై ట్రక్కునే తిప్పి పడేయగలదు, లోపల పిల్లలుంటారు.

మిర్యాలగూడలో వడ్ల లోడుకు కాంటా వేసినట్టే అక్కడి ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ కాంటాలుంటాయి, ఇరుసుల బరువు విడివిడిగా చీటీ మీద ఇస్తారు. ట్రైలర్ కొనకముందే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ఇంధనం ట్యాంకు నింపి, ట్రక్కును తూచమన్నాను. నిండు లోడుతో ట్రక్కుకు అనుమతించిన గరిష్ఠ బరువులోంచి ఆ అంకె, హిచ్ సామగ్రి తీసేయగా మిగిలినదాన్ని 0.13తో భాగించాలి. 900 మిగిలితే ట్రైలర్ నిండు బరువు సుమారు 6,900 దాటకూడదు.