కిడ్నీ ఇంకా తయారవుతుండగానే మందులు

జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సీసా చిన్నదే. అందులో 2 మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువున్న బిడ్డకు ఒక మోతాదుకు కావలసింది 4, 5 మిల్లీగ్రాములే. అంటే మిల్లీలీటరులో పదో వంతు, లేదా కాస్త ఎక్కువ. చెన్నైలో ఒక నవజాత శిశు విభాగం అద్దం ఇవతల నిలబడి, నర్సు ఆ చుక్కను సిరంజిలోకి లాగి గీతను రెండుసార్లు సరిచూసుకోవడం చూశాను. లోపల ఉన్నది మా అక్క మనవరాలు. నెల్లూరు నుంచి కాన్పుకు తీసుకొస్తే 28 వారాలకే పుట్టింది.

రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు తల్లి కడుపులోనే ఏర్పడతాయి. ఆ పని 34 నుంచి 36 వారాలకు పూర్తవుతుంది. వాటిలో సగానికి పైగా చివరి మూడు నెలల్లో వచ్చేవే. ఆ తర్వాత జన్మలో కొత్తది ఒక్కటీ పుట్టదు. ఒక్కో కిడ్నీలో సగటున 10 లక్షలు ఉంటాయంటారు గానీ, కొందరికి 2 లక్షల పైచిలుకే ఉంటే, కొందరికి 20 లక్షలు దాటుతాయి. నెలలు నిండని బిడ్డలో ఈ నిర్మాణం పుట్టాక కూడా సుమారు 40 రోజులు సాగుతుంది. యాంటీబయాటిక్స్ ఎక్కించేదీ ఆ రోజుల్లోనే.

నొప్పికి, జ్వరానికి వాడే ఐబుప్రొఫెన్ సంగతే చూడండి. గుండె దగ్గర పుట్టాక మూసుకోవలసిన రక్తనాళం ఒకటి ఈ పిల్లల్లో తెరుచుకునే ఉండిపోతుంది. దాన్ని తెరిచి ఉంచేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఐబుప్రొఫెన్ వాటి తయారీని ఆపి నాళం మూసుకునేలా చేస్తుంది. అయితే చిన్నారి కిడ్నీకి రక్తం ధారాళంగా చేరడానికి ఆధారం కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే ఈ మందు ఇస్తున్నప్పుడు కొందరు పిల్లల్లో మూత్రం తగ్గుతుంది. నెలలు నిండని బబూన్ కోతిపిల్లల మీద చేసిన పరిశోధనలో, ఐబుప్రొఫెన్ తర్వాత కొత్త నెఫ్రాన్లు పుట్టే పొర పలచబడినట్టు కనిపించింది. జెంటామైసిన్ దారి వేరు. అది కిడ్నీ గొట్టాల కణాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది.

మనుషుల్లో ఎంత నష్టమో తేల్చడం కష్టం. బతికున్న బిడ్డలో నెఫ్రాన్లను లెక్కపెట్టలేం. పైగా ఇన్ఫెక్షన్, తక్కువ రక్తపోటు, ఆక్సిజన్ కొరత కూడా కిడ్నీని దెబ్బతీసేవే. 2017లో వెలువడిన అవేకెన్ అధ్యయనంలో ప్రత్యేక విభాగాల్లో చేరిన నవజాత శిశువుల్లో దాదాపు 30 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలింది. అందులో మందుల వాటా ఎంతో విడదీసి చెప్పడం తేలిక కాదు.

కాబట్టి మందులు మానేయమనడం దుర్మార్గం. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరే సెప్సిస్ గంటల్లో ప్రాణం తీస్తుంది. నా పట్టుదల వేరే చోట ఉంది. అనుమానం మీద మొదలుపెట్టిన యాంటీబయాటిక్‌ను, రక్తపరీక్షలో క్రిమి కనిపించక, బిడ్డ కూడా కోలుకుంటుంటే, రెండు రోజులకే ఆపగలగాలి. "మరో నాలుగు రోజులు ఉంచుదాం" అనే ధైర్యం కోసం కిడ్నీని ఖర్చు పెట్టకూడదు. ఇక ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం. మా పాప కాగితంలో బరువు, కళ్ల పరీక్ష, టీకాలు అన్నీ ఉన్నాయి. కిడ్నీ గురించి ఒక్క మాట లేదు. నెఫ్రాన్లు తక్కువైతే ముందుముందు బీపీ పెరగవచ్చు. 32 వారాలకు ముందు పుట్టిన పిల్లలకు మూడేళ్లు నిండకముందు నుంచే బీపీ చూడాలని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2017లోనే చెప్పింది. మన ఊళ్లలో పసిపిల్లలకు బీపీ చూడాలని అడిగేవారెవరు? జ్వరం వస్తే మందుల షాపులో ఐబుప్రొఫెన్ కలిసిన సిరప్ అడక్కుండానే ఇచ్చేస్తారు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి ఉన్న పిల్లలకు అది ఇంకా ప్రమాదం.

పాపకు ఇప్పుడు రెండేళ్లు. మొన్న నెల్లూరులో బీపీ చూడమంటే, ఆ చేతికి సరిపోయే పట్టీ లేదన్నారు. మళ్లీ చెన్నై రైలెక్కాం. ఈసారి ఫైలు మొదటి పేజీ మీద మేమే తెలుగులో రాసి అంటించాం: "28 వారాలు. జెంటామైసిన్ 7 రోజులు. ఐబుప్రొఫెన్ 3 మోతాదులు."