చెత్త చాల్లేదండీ, కాస్త పోస్తారా!

బెంగళూరు లాల్‌బాగ్‌ తోటకి సేవ చెయ్యాలంటే ముందుగా కావలసింది చీపురు కాదు, టీషర్టు. ముదురాకుపచ్చ రంగుది, వీపు మీద కంపెనీ పేరు, గుండెల మీద ఆకు బొమ్మ. ఆ తర్వాత బ్యానరు. చెట్లూ మట్టీ వగైరా తెచ్చుకోనక్కర్లేదు, 1760లోనే హైదర్ అలీ ఆ ఏర్పాట్లు మొదలుపెట్టాడు. పాపం, టీషర్టు సంగతి ఆయనకి తట్టలేదు.

మొన్న శనివారం, సగానికి సగం మన తెలుగువాళ్ళే ఉన్న ఒక ఐటీ కంపెనీ (పేరెందుకు, మీదీ ఇదే చేసుంటుంది) అక్కడ వాలంటీరింగ్ డే జరుపుకుంది. ఏడింటికి రావాల్సిన బస్సు తొమ్మిది దాటాక వచ్చింది. 1889 నాటి గ్లాస్‌హౌస్ దగ్గర అందరూ గ్లవ్స్ తొడుక్కున్నాక తేలిన ఘోరం ఏమిటంటే, చెత్త లేదు. బాట మీద ఒక్క ఎండుటాకు లేదు. ఊడ్చే ఆడవాళ్ళు తెల్లారకముందే వచ్చి ఊడ్చేసి వెళ్ళారు. ఇలాంటి కార్యక్రమాల మీద వాళ్ళకి అవగాహన తక్కువ.

హెచ్ఆర్ అమ్మాయికి టెన్షన్ మొదలైంది. ఒక అక్క కనిపిస్తే పరుగెత్తుకెళ్ళి, "అక్కా, పొద్దున ఎత్తిన ఆకులు ఎక్కడ వేశారు?" అని అడిగింది.

అక్కది తెలుగు మాట్లాడే చింతామణి వైపు. "ఎరువు గుంతలో ఏసినాం మా. ఏమన్నా పోగొట్టుకున్నారా?"

"లేదక్కా, కొంచెం తెచ్చి ఇక్కడ పోస్తారా? ఫొటోకి."

ఆవిడ అమ్మాయి వంక ఒకసారి, బ్యానరు వంక ఒకసారి చూసి, వెళ్ళి రెండు గంపలు తెచ్చి పోసింది. ఫొటోగ్రాఫరు "మరీ కుప్పలా ఉంది, నేచురల్‌గా" అన్నాడు. చెదరగొట్టింది. ఒక పెద్దాయన, డెలివరీ హెడ్ అట, ఆకులు నల్లగా ఉన్నాయి, కెమెరాలో పేడలా వస్తున్నాయి అని అభ్యంతరం చెప్పారు. దాంతో ఇద్దరు కుర్రాళ్ళు ఓ చెట్టు కొమ్మ పట్టుకుని బలంగా ఊపారు. ఒక్క ఆకూ రాలలేదు. ఈ ఊళ్ళో ఏడాది పొడుగునా ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండేలా లెక్కవేసి నాటించిన జర్మన్ దొర క్రుంబిగల్, ఏ శనివారం ఏ ఆకు రాలాలో మాత్రం లెక్క వెయ్యకుండా పోయాడు. చివరికి ఆ నల్ల ఆకులతోనే సర్దుకున్నారు. అరవై మంది, రెండు గంపలు. ఒకరు ఇటు ఊడ్చింది ఇంకొకరు అటు ఊడ్చి, మళ్ళీ ఇటు ఊడ్చి, అరగంట గడిపారు. పక్క బెంచీ మీద మా వాకింగ్ బ్యాచ్ అంతా పల్లీలు తింటూ చూశాం.

తర్వాత బండ ఎక్కారు. దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి బండ, పైన కెంపేగౌడ గోపురం. అందరూ ఒక్కసారిగా గాల్లోకి ఎగిరారు. బండ తట్టుకుంది.

ఇక్కడిదాకా నాకూ నవ్వే. కిందికొచ్చాక గ్రూప్ ఫొటో. ఆ అక్క కూడా చీపురు పట్టుకుని ఓ చివర నిలబడింది, తననీ రమ్మన్నారనుకుని. "అక్కా, కొంచెం ఫ్రేమ్‌లోంచి తప్పుకుంటారా" అన్నారు.

సిగ్గుందా అసలు? ఆవిడ ఎత్తిన చెత్త, ఆవిడ చేతే మోయించి, ఆవిడ చేతే పోయించి, ఆవిడనే తప్పుకోమంటారా? రెండొందల నలభై ఎకరాల తోట మీ టీషర్టుల మీద నిలబడిందనుకున్నారా? ఇలాంటివాళ్ళు చీకట్లో లేచి నడుం విరగ్గొట్టుకుంటేనే కదా, మీరు వచ్చేసరికి ఆకు కూడా దొరకలేదు! ఆవిడ పేరు ఒక్కరైనా అడిగారా? నిజంగా చేతులు కావాలంటే జనవరిలోనూ ఆగస్టులోనూ ఫ్లవర్ షోలు అయిపోయిన మర్నాడు రండి, జనం తొక్కి పారేసి వెళ్ళింది ఎంతుంటుందో చూద్దురుగాని. రారు. ఆ రోజు స్టాండప్ కాల్ ఉంటుంది.

పోతూ పోతూ టిఫిన్ బాక్సులూ సగం తాగిన నీళ్ళ సీసాలూ పచ్చిక మీదే వదిలేశారు. ఫొటోకి దొరకని చెత్త, ఫొటో అయ్యాక కావలసినంత. సాయంత్రానికి లింక్డ్‌ఇన్‌లో "మట్టితో మమేకం" అని పోస్టు, తలా ఒక సర్టిఫికెట్టు.

వచ్చే నెల కబ్బన్ పార్కు అట. అక్కడ ఊడ్చే అమ్మలకి ఎవరైనా ఈ కబురు చేరవెయ్యండి. ఆ శనివారం ఊడ్వకండి తల్లీ. హాయిగా ఆలస్యంగా లేవండి. ఊడ్వడానికి మనుషులొస్తున్నారు, గ్లవ్స్ కూడా వాళ్ళవే.