ఆ ఖాళీ గళ్లు నింపారా?

థెరపిస్టులు చెప్పిన పుస్తకాల జాబితాలు ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. ఆందోళనకు ఈ ఐదు, దిగులుకు ఈ ఏడు, నిద్ర పట్టకపోతే ఫలానా యాప్. చూడగానే సేవ్ చేసుకుంటాం, ఒకటో రెండో కొంటాం, మొదటి యాభై పేజీలు చదివి 'అచ్చం నా గురించే రాశారు' అనుకుంటాం, అలా అనుకోవడంతోనే సగం బరువు దిగినట్టుంటుంది. మూడు వారాలు గడిచాక మళ్లీ అదే అర్ధరాత్రి, అదే గుండెదడ. అప్పుడు పుస్తకంలో పస లేదంటాం, లేదా లోపం నాలోనే ఉందని తేల్చేసుకుంటాం. ఈ రెండో మాట వింటేనే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు.

పుస్తకంతో డిప్రెషన్ తగ్గుతుందా అని పరిశోధకులు నిజంగానే పరీక్షించి చూశారు. అమెరికన్ సైకియాట్రిస్టు డేవిడ్ బర్న్స్ 1980లో రాసిన 'ఫీలింగ్ గుడ్' అలా పరీక్షించిన పుస్తకాల్లో ఒకటి. 1989లో మనస్తత్వ పరిశోధకుడు ఫారెస్ట్ స్కోగిన్ బృందం దాన్ని డిప్రెషన్ ఉన్న వృద్ధులకు ఇచ్చి నాలుగు వారాలు చూస్తే, ఏమీ ఇవ్వకుండా ఆపి ఉంచినవాళ్ల కంటే వీళ్లు బాగా తేరుకున్నారు. కానీ ఆ నాలుగు వారాల్లో వారానికోసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎలా సాగుతోందని అడిగేవారు. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ కూడా, తీవ్రత తక్కువగా ఉన్న డిప్రెషన్‌కు పుస్తకాల్లాంటి వాటితో సొంతంగా చేసుకునే సెల్ఫ్‌హెల్ప్‌ను ముందుగా ఆలోచించాల్సిన చికిత్సల్లో ఒకటిగా 2022లో చెప్పింది, అదీ పక్కన ఒక నిపుణుడి తోడు ఉండేలా. మన చేతికొచ్చే జాబితాల్లో పుస్తకం పేరు మాత్రమే మిగిలి, ఆ తోడు సంగతి జారిపోతోంది.

ఇక రెండో సంగతి పెన్సిల్. నేనూ ఒక వర్క్‌బుక్‌ను చివరిదాకా చదివాను, గళ్లన్నీ ఖాళీగా వదిలేసి. జవాబులు మనసులో చెప్పుకున్నాను కదా, రాయడమెందుకులే అనుకున్నాను. చాలా నెలల తర్వాత ఒక థెరపిస్టు అందులోని ఒకే ఒక్క పేజీని తన ముందే నింపమన్నారు. మొదటి గడిలో ఏం జరిగిందో రాయాలి. 'స్నేహితుడు నన్ను కావాలనే పట్టించుకోలేదు' అని రాశాను. ఆవిడ ఆ వాక్యం మీద వేలు పెట్టి, 'ఇది జరిగిందా, మీరు అనుకున్నారా?' అని అడిగారు. జరిగిందల్లా ఇంతే: మెసేజ్ పెట్టాను, అతను చూశాడు, ఆరు గంటలైనా జవాబు రాలేదు. మిగతాదంతా నా ఊహ, అది రెండో గడిలోకి పోవాలి. మూడో గడిలో బాధకు నూటికి ఎన్ని మార్కులంటే 85 వేశాను. ఆ ఊహకు ఆధారాలేమిటి, ఎదురు ఆధారాలేమిటి అని రాసుకుంటూ పోయాక చివర్లో మళ్లీ మార్కులు వేస్తే 55. సున్నా కావాలని ఎవరూ అడగరు. కానీ తలలోనే తిప్పుకుంటున్నంతకాలం జరిగిందీ అనుకున్నదీ ఒకే ముద్దగా ఉంటాయి, కాగితం మీదే అవి విడిపోతాయి. 1960ల్లో సైకియాట్రిస్టు ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలోని పని ఇదే.

అలాగని ఏ పనిముట్టైనా అందరికీ పనికొస్తుందని కాదు. మనసులోది రాసేయండి, తేలికవుతుంది అని డైరీ చేతిలో పెడతారు. ఈ సలహాకు మూలమైన, మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నిబేకర్ చేసిన ప్రయోగం 1986 నాటిది. విద్యార్థులు రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమకు జరిగిన చేదు ఘటనల గురించి రాశారు. ఆ తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది, నిజమే, కానీ రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా కుంగింది. ఈ రెండో సగం చెప్పకపోతే, మొదటిరోజే ఏడుపొచ్చినవాళ్లు నాకిది పడదని డైరీ మూసేస్తారు. ఇంకొందరు ఆపకుండా నెలల తరబడి అదే గొడవను అవే మాటల్లో రాస్తూ పోతారు, అది పుండును గెలుకుతూ కూర్చోవడమే. అలాంటివాళ్లకు ఇంకో పద్ధతి ఉంది: రోజూ ఒకే సమయంలో, ఒకే చోట అరగంట కూర్చుని చింతలన్నీ పడటం, మిగతా వేళల్లో తలెత్తిన చింతను ఆ అరగంటకు వాయిదా వేయడం. చదవడానికి వింతగా ఉంటుంది గానీ, 'ఆలోచించకు' అనే సలహా కంటే 'సాయంత్రం ఆరింటికి ఆలోచిద్దువుగాని' అంటే మనసు తొందరగా వింటుంది. ట్రామా, అంటే మనసుకు తగిలిన లోతైన గాయం మీద పేరున్న పుస్తకాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. హింస గురించిన వివరాలు నేరుగా ఉండే అధ్యాయాలను, గాయం పచ్చిగా ఉన్న మనిషి రాత్రిపూట ఒంటరిగా చదవడం మంచిది కాదు.

యాప్‌ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మనసు కుదుటపడేందుకు పీల్చే శ్వాస కంటే వదిలే శ్వాసను కాస్త పొడుగ్గా ఉంచడానికి నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు.

పుస్తకం మొదలుపెట్టేముందు డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం నింపి చూసుకోవడం మేలు. గత రెండు వారాలు ఎలా గడిచాయో అడుగుతుంది, మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుకో థెరపిస్టుకో చూపించుకోవాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. దానికి మీ జవాబు సున్నా కాకపోతే, మొత్తం ఎంత వచ్చిందన్నది వదిలేయండి, పుస్తకం పక్కన పెట్టి ఆరోజే ఒక మనిషితో మాట్లాడండి.

జాబితాలు ఇచ్చే థెరపిస్టులను నేను అడిగేది ఒక్కటే. పది పేర్లు వద్దు, ఒక్క పుస్తకం చెప్పండి, అందులో ఏ అధ్యాయం, ఏ పేజీ అన్నదీ చెప్పండి. వచ్చే వారం 'చదివారా' అని అడిగి ఊరుకోకుండా, నింపిన పేజీ చూపించమనండి.